శూన్యమాసంలో తీసిన లెక్క: మా బజారు ట్రాఫిక్ సర్వే మీద ఒక సమీక్ష

ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెట్టాక గంజాం జిల్లాలో తగిలే చిన్న పట్టణాల్లో మాది ఒకటి. బజారు బోర్డుల మీద ఒడియా అక్షరాలుంటాయి, సగం దుకాణాల్లో బేరం మాత్రం తెలుగులో సాగుతుంది. ఈ బజారు రోడ్డు మీద వాహనాల రద్దీని కొలిచి నివేదిక ఇమ్మని మా వర్తక సంఘం ఒక సర్వే సంస్థకు డబ్బిచ్చి పని అప్పగించింది. ఆ పని ఎలా జరిగిందో, ఇచ్చిన డబ్బుకు ఎంతవరకు తగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఊరి పేరు, సంస్థ పేరు రాయడం లేదు; రెండో విడత బిల్లు ఇంకా తేలని లావాదేవీలో పేర్లు బయటపెట్టడం వర్తకుడికి మర్యాద కాదు.

అవసరం ఎందుకు వచ్చిందో ముందు చెప్పాలి. రైలు గేటు దగ్గరి ఛక్ (కూడలి) నుంచి పాత బస్టాండు దాకా మా బజారు రోడ్డు సుమారు 900 మీటర్లు ఉంటుంది. దీన్ని వన్‌వే చేయాలనీ, ఛక్‌లో సిగ్నల్ పెట్టాలనీ, తోపుడు బండ్లను ఊరి చివరి మైదానానికి తరలించాలనీ పురపాలక సంఘం ఒక ముసాయిదా తయారుచేసి అభ్యంతరాలు కోరింది. వన్‌వే అయితే బస్సు దిగిన గిరాకీ మన వైపు రాదని కొందరు, నడవడానికి వీలు చిక్కితే గిరాకీ పెరుగుతుందని కొందరు సంఘం సమావేశంలో గంటన్నర వాదించుకున్నాక, ఎవరి చేతిలోనూ ఒక్క అంకె లేదని తేలింది. ముసాయిదాలో కూడా తీవ్రమైన రద్దీ అన్న మాట ఉందే తప్ప, ఎంత తీవ్రమో చెప్పే లెక్క లేదు. అప్పుడు 42 దుకాణాల వాళ్లం తలా కొంత వేసుకుని, మనమే లెక్క తీయించి అభ్యంతరంతో పాటు జతచేద్దామని నిర్ణయించుకున్నాం.

కుదుర్చుకున్న పని ఇది. రెండు రోజులపాటు, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు, నాలుగు చోట్ల వాహనాలను రకాలవారీగా లెక్కించాలి. ఛక్‌లో ఏ వైపు నుంచి వచ్చినవి ఏ వైపు తిరుగుతున్నాయో కెమెరాతో తీయాలి. కారులో అటూ ఇటూ తిరిగి ప్రయాణ వేగాన్ని, ఆలస్యాన్ని నమోదు చేయాలి. చివరికి నివేదిక ఇచ్చి, పురపాలక సంఘం ఇంజనీరు ఎదుట దాన్ని వివరించాలి. మొత్తం మీద ఈ సేవకు నేనిచ్చే మార్కులు ఐదుకు మూడు. లెక్క తీసిన కుర్రవాళ్లకు నాలుగున్నర ఇవ్వవచ్చు. ఆ లెక్కను పట్టుకుని నివేదిక రాసిన వారికి ఒకటిన్నర కంటే ఎక్కువ ఇవ్వడానికి చేయి రావడం లేదు.

లెక్కింపు సంగతి దగ్గరి నుంచి చూశాను, ఎందుకంటే నాలుగు స్థానాల్లో ఒకటి మా చీరల దుకాణం మెట్ల పక్కనే. ఇద్దరు కుర్రవాళ్లు ప్లాస్టిక్ స్టూళ్లు వేసుకుని, అట్టకు క్లిప్పు పెట్టిన కాగితాలతో కూర్చున్నారు. ఒకరు బస్టాండు వైపు పోయేవి, మరొకరు గేటు వైపు వచ్చేవి. కాగితం మీద బైకు, ఆటో, కారు, చిన్న వ్యాను, బస్సు, లారీ, ట్రాక్టరు, సైకిల్, రిక్షా, తోపుడు బండి అంటూ నిలువు గడులు. ప్రతి పావుగంటకు ఒక అడ్డు వరుస. వాహనానికొక నిలువు గీత, ఐదోదానికి నాలుగింటి మీదుగా అడ్డగీత. పావుగంట కాగానే ఫోన్‌లో అలారం మోగుతుంది, చేయి కింది వరుసకు దిగుతుంది. మధ్యాహ్నం ఒకరు తినడానికి వెళ్తే మూడో కుర్రవాడు వచ్చి ఆ స్టూలు మీద కూర్చునేవాడు; రెండు రోజుల్లో ఒక్క వరుస కూడా ఖాళీగా పోలేదు. మా దుకాణంలో స్టాకు లెక్క ఈ శ్రద్ధతో రాసే గుమస్తా దొరికితే బాగుండునని అనిపించింది.

వాళ్ల పక్కన కూర్చుని సాయంత్రం 6 గంటల నుంచి పావుగంటసేపు నేనూ లెక్క పెట్టాను. 148 బైకులు, స్కూటర్లు, 46 ఆటోలు, 17 కార్లు, 6 చిన్న వ్యాన్లు, 2 బస్సులు, 34 సైకిళ్లు, 5 తోపుడు బండ్లు. మొత్తం 258. అయితే రోడ్డు ఎంత నిండిందో తేల్చడానికి ఈ 258 పనికిరాదు. బస్సునూ సైకిల్‌నూ ఒకే కాటాలో వేయలేం కదా. అందుకని అన్నింటినీ కార్ల లెక్కలోకి మారుస్తారు. ఆ కొలమానాన్ని ప్యాసింజర్ కార్ యూనిట్ అనీ, క్లుప్తంగా పీసీయూ అనీ అంటారు. ఏ వాహనాన్ని ఎన్ని కార్ల కింద కట్టాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో పట్టణ రోడ్ల కోసం ప్రచురించిన ఐఆర్‌సీ 106 అనే మార్గదర్శకంలో పట్టిక ఉంది. మొత్తం వాహనాల్లో ఆ రకం వాటా ఐదు శాతం ఉంటే ఒక విలువ, పది శాతం దాటితే అంతకంటే ఎక్కువ విలువ. దాని ప్రకారం మా రోడ్డు మీద బైకుకు 0.75, ఆటోకు 2, చిన్న వ్యానుకు 1.4, బస్సుకు 2.2, సైకిల్‌కు 0.5, తోపుడు బండికి 2 వేసుకోవాలి. కూడితే నా పావుగంట లెక్క దాదాపు 260 పీసీయూలు అయింది. నాలుగుతో గుణిస్తే గంటకు 1,040. సంస్థ వారి లెక్కలో అత్యధిక రద్దీ గంటకు వచ్చిన అంకె దీనికి ఒకటి రెండు పదులు మాత్రమే అటూ ఇటూగా ఉంది కాబట్టి, కింద చెప్పేవన్నీ నా 1,040 తోనే చెబుతాను.

ఆ కూడికలో ఒక విషయం నన్ను ఆశ్చర్యపరిచింది. 46 ఆటోలకు 92 పీసీయూలు పడ్డాయి, అంటే రోడ్డు బరువులో మూడో వంతుకు పైగా వాటిదే. ఆటో కారు కంటే చిన్నదే కానీ, అది ఆక్రమించేది దాని కొలత కాదు, దాని నడత: చెయ్యెత్తిన చోటల్లా ఆగుతుంది, వెనుక వచ్చేది బ్రేకు వేస్తుంది, ఆ వెనుకది పక్కకు తప్పుకుంటుంది.

ఇక నివేదిక దగ్గరికి వద్దాం. వాహనాల బరువు తేలాక, రోడ్డు ఎంత మోయగలదో తెలియాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే రద్దీ నిష్పత్తి వస్తుంది. అమెరికాలో 1965 నాటి హైవే కెపాసిటీ మాన్యువల్ రోడ్డు నడతను ఏ నుంచి ఎఫ్ వరకు ఆరు సేవాస్థాయులుగా విభజించింది. మన ఐఆర్‌సీ 106 అందులో మధ్యస్థమైన సీ స్థాయిని పట్టణ రోడ్ల ప్రణాళికకు ఎంచుకుని, రోడ్డు పూర్తి సామర్థ్యంలో 70 శాతాన్ని హద్దుగా పెట్టింది. రెండు లేన్లుండి రెండు వైపులా రాకపోకలు సాగే రోడ్డుకు ఆ హద్దు ఆర్టీరియల్ అయితే గంటకు 1,500 పీసీయూలు, సబ్-ఆర్టీరియల్ అయితే 1,200, కలెక్టర్ వీధి అయితే 900. ఇళ్లకూ దుకాణాలకూ నేరుగా ద్వారాలు లేకుండా, వాహనాలు నిలపకుండా సాగే పెద్ద దారి మొదటిది. ద్వారాలున్నా బండ్లు నిలపనిది రెండోది. ద్వారాలూ, నిలిపిన బండ్లూ, అడ్డంగా దాటే జనమూ అన్నీ ఉన్నది మూడోది. కలెక్టర్ అంటే ఇక్కడ చిన్న వీధుల రాకపోకలను పోగుచేసి పెద్ద రోడ్డుకు అందించేదని అర్థం. మా కోశాధికారి మాత్రం చాలాసేపు అది కలెక్టరు గారి బంగళా రోడ్డు సంగతనే అనుకుని విన్నారు.

మా బజారు ఏ రకమో పసిపిల్లవాడు కూడా చెప్పగలడు. కానీ ఏ రకమని రాస్తే ఫలితం ఎంత మారుతుందో చూడండి. 1,040ని 1,500తో భాగిస్తే 0.69, బాధ లేదు. 1,200తో భాగిస్తే 0.87, ఫర్వాలేదు. 900తో భాగిస్తే 1.16, హద్దు దాటిపోయింది. రోడ్డు మీద ఒక్క సైకిల్ కూడా అదనంగా రాలేదు, నివేదిక రాసేవారి కలం మాత్రమే కదిలింది. సంస్థ వారు ఇప్పటి స్థితిని చూపే పట్టికలో మా రోడ్డును సరిగానే కలెక్టర్ వీధి అని రాశారు. వన్‌వే చేశాక ఉండబోయే స్థితిని చూపే పట్టికలో, పద్దెనిమిది పేజీల తరువాత, అదే రోడ్డు సబ్-ఆర్టీరియల్ అయిపోయింది. రెండు లేన్ల వన్‌వే సబ్-ఆర్టీరియల్‌కు హద్దు 1,900. ఒక వైపు రాకపోకలే మిగులుతాయి కాబట్టి 1,040లో సగం, 520 వేసుకుని భాగించి 0.27 అని చూపారు. అదే కలెక్టర్ వీధి వన్‌వే హద్దు 1,400 వేసి ఉంటే 0.37 వచ్చేది. 0.37 కూడా చూడముచ్చటైన అంకే, దాచవలసిన అవసరమే లేదు. అయినా రెండు పట్టికల మధ్య తూనికరాయి మార్చిన వర్తకుడిని మా బజారులో ఏమంటామో నేను ఇక్కడ రాయను.

అంతకంటే పెద్ద లోపం ఆ 520లోనే ఉంది. మిగిలిన 520 ఎక్కడికి పోయాయి? బస్టాండు నుంచి గేటు వైపు రావలసిన వాహనాలన్నీ వెనుకనున్న గుడి వీధిలోంచి తిరిగి రావాలి. ఆ వీధి రెండు కార్లు ఎదురైతే ఒకటి ఆగవలసినంత వెడల్పు. మధ్యలో ప్రాథమిక పాఠశాల ఉంది. నాలుగు లెక్కింపు స్థానాల్లో ఒక్కటి కూడా గుడి వీధిలో లేదు. ఒక గదిలో చెత్తను ఊడ్చి పక్క గదిలోకి తోసి, ఇల్లు శుభ్రమైందని చెప్పడం లాంటిదే ఇది. ఈ తప్పులో మాకూ వాటా ఉంది. స్థానాలు ఖరారు చేసిన కాగితం మీద సంతకం పెట్టినవాళ్లలో నేనొకణ్ణి.

రోడ్డు వెడల్పు సంగతి కూడా అలాంటిదే. తెల్లవారుజామున ఐదు గంటలకు టేపు పట్టి 7 మీటర్లు అని రాసుకున్నారు, రెండు లేన్లు అని తేల్చారు. సాయంత్రం రెండు వైపులా బైకులు నిలిపాక మా దుకాణం ముందు మిగిలేది నాలుగున్నర మీటర్లు. ఆ బైకుల్లో సగం మా గిరాకీవి, కొన్ని మావే. ఈ మాట సమావేశంలో అన్నందుకు పక్క దుకాణం వాళ్లు నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఇప్పుడు నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే విలువైనదిగా తోచిన ఒక కాగితం గురించి చెప్పాలి. నివేదికలో సాయంత్రపు రద్దీని చూపే గ్రాఫులో 7 గంటల తరువాత గీత గుంటలా దిగిపోయి, పావుగంట తరువాత మళ్లీ లేస్తుంది. దాని కింద, ఈ సమయంలో రద్దీ తగ్గుముఖం పడుతుందని ఒక వాక్యం రాశారు. మా దుకాణం మెట్ల మీద నిలబడ్డవాడెవడైనా నవ్వుతాడు. ఆ సమయంలోనే రద్దీ ప్రాణాంతకంగా ఉంటుంది: గేటు పడుతుంది, ఒక రైలు పోయాక ఎదురుగా వచ్చే రైలు కోసం మళ్లీ తెరవరు, బండ్లు ఛక్ నుంచి మా దుకాణం దాటి బట్టల వీధి మొదటి దాకా బారులు తీరుతాయి. బండి కదలకపోతే లెక్కించేవాడి ముందు నుంచి ఏదీ దాటదు. ఏదీ దాటకపోతే గీత పడదు. అమెరికా ఇంజనీరు బ్రూస్ గ్రీన్‌షీల్డ్స్ 1935లోనే బండ్ల వేగానికీ, రోడ్డు మీద వాటి సాంద్రతకూ ఉన్న సంబంధాన్ని చూపించాడు. దాని ప్రకారం రోడ్డు పూర్తిగా ఖాళీగా ఉన్నా, పూర్తిగా బిగుసుకుపోయినా దాటే వాహనాల సంఖ్య సున్నాకు చేరుతుంది. కాబట్టి దాటినవాటిని మాత్రమే లెక్కించి రద్దీని తేల్చేవారికి నిర్మానుష్యమైన రోడ్డూ, బిగుసుకున్న రోడ్డూ ఒకేలా కనిపిస్తాయి.

ముడి లెక్క, అంటే ఆ కుర్రవాళ్లు గీతలు పెట్టిన కాగితాలు కూడా ఇమ్మని నేను పట్టుబట్టి అడిగి తెచ్చుకున్నాను. 7 గంటల వరుసలో గీతలు చాలా తక్కువ. దాని పక్కన, అంచు ఖాళీలో, ఆ కుర్రవాడు పెన్సిల్‌తో ఒడియాలో రెండు మాటలు రాసుకున్నాడు: గేట్ బంద్. రెండో రోజు కాగితం మీద కూడా అదే వరుస దగ్గర అవే రెండు మాటలు, ఈసారి కింద గీత గీసి మరీ. జీతం తక్కువైన కుర్రవాడికి తెలిసిన కారణం కంప్యూటర్‌లోకి ఎక్కలేదు, ఎందుకంటే అక్కడ అంకెలకు గడులున్నాయి గానీ మాటలకు గడి లేదు. పురపాలక సంఘాలు ప్రణాళికలు వేసేది ఆ గ్రాఫులను చూసి; అంచున రాసిన మాటలు వారి బల్ల దాకా రావు. ఈ సేవ కొనుక్కునే ఏ సంఘమైనా, ఏ మున్సిపాలిటీ అయినా మొదట అడగవలసింది ఈ ముడి కాగితాలనే.

వేగం, ఆలస్యాల సర్వేకు మాత్రం పూర్తి మార్కులు ఇస్తాను. ఒక కారు 900 మీటర్లనూ రెండు రోజుల్లో పలుమార్లు అటూ ఇటూ తిరిగింది. ఒకరు నడిపితే మరొకరు ఎక్కడ ఎన్ని సెకన్లు ఆగిందో, ఎందుకు ఆగిందో రాశారు. ఎదురొచ్చిన వాహనాలను, తమను దాటిపోయినవాటిని, తాము దాటినవాటిని కూడా లెక్కపెట్టారు. వార్డ్రాప్, చార్ల్స్‌వర్త్ అనే ఇద్దరు ఇంగ్లండులో 1954లో ప్రతిపాదించిన పద్ధతి ఇది. కదిలే కారులోంచే రోడ్డు మీది ప్రవాహాన్నీ వేగాన్నీ రెంటినీ లెక్కకట్టవచ్చు. రాత్రి పొద్దుపోయాక మూడు నిమిషాల్లో దాటిన దూరానికి సాయంత్రం పదకొండు నిమిషాలు పట్టింది. ఆ అదనపు ఎనిమిది నిమిషాల్లో సగానికి పైగా గేటు దగ్గరే పోయింది, మిగిలినదానిలో ఎక్కువ భాగం బస్టాండు మలుపులో బస్సు వెనక్కి తిప్పుకునే చోట. తోపుడు బండ్ల పక్కన ఆగినది లెక్కిస్తే నిమిషం కూడా లేదు. సామాన్యుడికి పీసీయూ అంటే ఏమిటో తెలియనక్కర్లేదు, మూడు నిమిషాల దారికి పదకొండు పడుతోందంటే అర్థమవుతుంది. ఇంత స్పష్టమైన పట్టికను అనుబంధాల్లో, చివరి పేజీల్లో పడేశారు.

ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిస్తే ఎరుపు గీత ఉచితంగానే కనిపిస్తుంది కదా, దీనికి డబ్బెందుకని మా అబ్బాయి అడిగాడు. ప్రశ్నలో న్యాయముంది. ఫోన్లు కదిలే వేగాన్ని బట్టి ఆ రంగులు పడతాయి, ఏడాది పొడవునా పడతాయి, రెండు రోజుల లెక్కకు ఆ వసతి లేదు. కానీ ఆ గీత ఆలస్యాన్ని చూపుతుందే తప్ప ఏ రకం వాహనాలు ఎన్ని ఉన్నాయో, ఎటు తిరుగుతున్నాయో చెప్పదు. 2020లో బెర్లిన్‌లో సైమన్ వెకెర్ట్ అనే కళాకారుడు ఒక చిన్న తోపుడు బండిలో 99 ఫోన్లు వేసుకుని ఖాళీ వీధిలో నెమ్మదిగా లాగుకుపోతే మ్యాపులో ఆ వీధి ఎర్రబడింది. మా ఊళ్లో అసలు తోపుడు బండి ఐఆర్‌సీ పట్టికలో రెండు కార్లకు సమానం, జేబులో ఫోన్ లేకపోతే మ్యాపులో దాని ఉనికే ఉండదు. రెండు కొలతల్నీ పక్కపక్కన పెట్టుకోవాలన్నది నా అభిప్రాయం. నివేదికలో మ్యాపు ఊసే లేదు.

రోజుల ఎంపిక విషయంలో నాకు గట్టి ఫిర్యాదు ఉంది. పండుగలూ సెలవులూ లేని వారం మధ్య పనిదినాల్లో లెక్క తీయడం అందరూ పాటించే పద్ధతే, తప్పు పట్టను. అయితే వాళ్లు వచ్చింది సంక్రాంతి వెళ్లిన వారానికి. సంక్రాంతి బట్టలు అప్పటికే కొనేశారు, పుష్యం శూన్యమాసం కాబట్టి ముహూర్తాలు లేవు, చీరల బజారు ఏడాది మొత్తంలో అతి పల్చగా ఉండే వారం అది. దానికి నెల రోజుల ముందు, మార్గశిరంలో బుధవారం సాయంత్రం వచ్చి చూడవలసింది. ఒడియా ఇళ్లలో మాణబసా గురుబారం, తెలుగు ఇళ్లలో మార్గశిర లక్ష్మీవారం; రెండు ఇళ్లకూ పూలు, పళ్లు, కొత్త ధాన్యం కావాలి, రెండూ ఇదే రోడ్డు మీద కొనాలి. పండుగ రద్దీకి సరిపడా రోడ్డు వేయమని ఎవరూ అడగరు గానీ, నెలల మధ్య తేడాను సరిచేసే గుణకం ఒకటి వేసుకోవాలి, వేసుకోకపోతే వేయలేదని రాయాలి. నివేదికలో ఆ రెండూ లేవు. పీసీయూ విలువలకు 1990 నాటి పట్టికనే ఎందుకు తీసుకున్నారో, కేంద్ర రహదారి పరిశోధన సంస్థ భారతీయ రోడ్ల మీద సేకరించిన లెక్కలతో 2017లో తెచ్చిన ఇండో-హెచ్‌సీఎంను, అంటే భారతీయ హైవే కెపాసిటీ మాన్యువల్‌ను, ఎందుకు పక్కన పెట్టారో కూడా ఒక్క వాక్యం రాయలేదు.

ఇక మనుషుల సంగతి. నా పావుగంట లెక్కలోని రెండు బస్సులకు పడింది 4.4 పీసీయూలు, అవి మోసింది తక్కువలో తక్కువ 80 మందిని. 17 కార్లకు 17 పీసీయూలు. వాటిలో ఎక్కువవాటిలో ఒకరో ఇద్దరో. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం ప్రాధాన్యం మనుషుల రాకపోకలకు ఇవ్వాలి గానీ వాహనాలకు కాదని చెప్పింది. కేంద్ర పట్టణాభివృద్ధి మంత్రిత్వ శాఖ 2009లో ప్రకటించిన సేవాస్థాయి ప్రమాణాల్లో వాహనాల వేగం ఒక అంశమైతే, ప్రజా రవాణా, పాదచారుల వసతి, పార్కింగ్, రహదారి భద్రత విడివిడి అంశాలు. మా నివేదికలో ఏ వాహనంలో ఎందరున్నారన్న లెక్క లేదు, నడిచివెళ్లేవారికి గడే లేదు. బజారుకు ప్రాణం పోసేది నడిచివచ్చే గిరాకీ. వాళ్లు పట్టికలో సున్నా కూడా కాదు. దుకాణదారులకూ బండివాళ్లకూ పంచిన ప్రశ్నాపత్రం ఒడియాలో, ఇంగ్లీషులో మాత్రమే ఉండటంతో, తెలుగు తప్ప మరో లిపి చదవలేని పెద్దవాళ్లు వేలిముద్ర వేసినట్టు అన్నిటికీ అవునని టిక్కు పెట్టి ఇచ్చేశారు. ఒడిశా సరిహద్దులో పనిచేసే సంస్థ ఇంతమాత్రం ముందే ఊహించుకోవలసింది.

సిఫార్సుల భాగం గురించి ఎక్కువ చెప్పను. ఛక్‌లో సిగ్నల్‌కు రెండు నిమిషాల ఆవృత్తి లెక్కగట్టి ఇచ్చారు. పావుగంటసేపు గేటు మూసుకున్నప్పుడు ఆ పచ్చదీపం ఎవరికి వెలుగుతుందో చెప్పలేదు. తోపుడు బండ్లను తరలించాలన్న ముసాయిదాను బలపరిచారు. 2014 నాటి వీధి వర్తకుల చట్టం ప్రకారం ముందు పట్టణ విక్రయ కమిటీ వారిని సర్వే చేయాలనీ, అది పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదనీ ఉన్న సంగతిని ప్రస్తావించలేదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఏ సిఫార్సు ఎవరి చేతిలో ఉందో రాయలేదు. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో రోడ్లు, వంతెనలు పురపాలక సంఘాల పనుల్లో ఉన్నాయి. వాహనాలను ఆపి నడిపించేది పోలీసులు. ఇక గేటు రైల్వే వారిది.

గేటు మాట వచ్చింది కాబట్టి ఒక వివరం చెప్పాలి, ఎందుకంటే మా ఆలస్యంలో సగం అక్కడే ఉంది. ఓవర్‌బ్రిడ్జి కావాలంటే పీసీయూలతో రైల్వే వారి దగ్గరికి వెళ్తే చెల్లదు. వాళ్ల కొలమానం టీవీయూ, అంటే ట్రెయిన్ వెహికల్ యూనిట్లు. రోజుకు గేటు మీదుగా పోయే రైళ్ల సంఖ్యను, దాటే రోడ్డు వాహన యూనిట్ల సంఖ్యతో గుణిస్తే అది వస్తుంది. రైల్వే, రాష్ట్రం ఖర్చు పంచుకుని వంతెన కట్టడానికి లక్ష టీవీయూలు ప్రమాణంగా ఉంటూ వచ్చింది. ఉదాహరణకు 60 రైళ్లు పోయే గేటును 2,000 వాహన యూనిట్లు దాటితే 1,20,000 అవుతుంది. మా సర్వే పన్నెండు గంటలకే ఆగిపోయింది, రాత్రి లెక్క లేదు, కాబట్టి దాన్ని టీవీయూలోకి మార్చడానికి వీల్లేదు. ఇంకో పన్నెండు గంటలు కూర్చోబెట్టి ఉంటే ఒకే ఖర్చుతో రెండు దరఖాస్తులకూ పనికొచ్చే లెక్క చేతికొచ్చేది. ఈ సలహా ఇవ్వవలసింది మేము కాదు, ఆ వృత్తిలో ఉన్నవారు.

వివరణ సమావేశం పురపాలక కార్యాలయంలో జరిగింది. సంస్థ నుంచి వచ్చిన ఇంజనీరు ఒడియాలో చక్కగానే మాట్లాడారు, అడిగినవాటికి విసుక్కోకుండా జవాబిచ్చారు. తోపుడు బండి రెండు కార్లకు సమానమని ఆయన తెరమీద చూపించినప్పుడు, వెనుక వరుసలో కూర్చున్న పళ్ల బండి అప్పకు పక్కనున్నవారు తెలుగులో చెప్పారు. ఆవిడ లేచి నిలబడి, "బాబూ, నా బండిని రెండు కార్ల కింద ఏసినారంట గదా, అలగైతే రెండు కార్లు నిలిపే జాగా నాకు ఇప్పించండి మరి" అంది. అందరితో పాటు ఇంజనీరు కూడా నవ్వారు. మున్సిపల్ ఇంజనీరు మాత్రం నవ్వకుండా కాగితం మీద ఏదో రాసుకున్నారు, తరువాత నన్ను పిలిచి గేట్ బంద్ అని రాసిన కాగితాలు జిరాక్సు ఇవ్వగలరా అని అడిగారు.

ఇచ్చాను. వన్‌వే ప్రతిపాదనను గుడి వీధి లెక్క వచ్చేదాకా ఆపమని మా అభ్యంతర పత్రంలో రాసి, వేగం పట్టికను మొదటి పేజీగా జతచేశాం. సంస్థ వారు గుడి వీధిలో రెండు రోజులు లెక్క తీయడానికి అదనంగా డబ్బు అడిగారు; పట్టికల్లో రోడ్డు రకం మారిన తప్పును మాత్రం ఒప్పుకుని సవరించిన పేజీలు పంపారు, అందుకు అర మార్కు కలుపుతున్నాను. అదనపు డబ్బు ఇవ్వబోమనీ, గుడి వీధి లెక్క ముడి కాగితాలతో సహా చేతికందిన రోజున రెండో విడత బిల్లు చెల్లిస్తామనీ సంఘం తరఫున ఉత్తరం రాసి పంపాం. ఈసారి వైశాఖంలో రమ్మన్నాం, లగ్నాలున్న వారంలో.